రెండు బకెట్ల నీళ్లు, ఒక ఆటో స్టార్టర్

మైన్‌క్రాఫ్ట్ ఆట 2009లో స్టాక్‌హోమ్‌లో పుట్టింది. మార్కస్ పెర్సన్ అనే ఒక్క మనిషి మొదలుపెట్టాడు. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ ఆట తయారుచేసే కంపెనీని 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి అమ్ముడైన కాపీలు 30 కోట్లు దాటాయి. గెలుపోటముల గోల పెద్దగా లేని ఆట. అంతా చదరపు దిమ్మెల లోకం. తవ్వుకోవచ్చు, నాటుకోవచ్చు, కట్టుకోవచ్చు. ఆడేవాళ్లలో రెండు తెగలున్నాయి. ఒకరు చేత్తో తవ్వి చేత్తో నాటేవాళ్లు. రెండోవాళ్లు తాము పక్కన నిలబడితే చాలు, సరుకు దానంతటదే పెట్టెలో పడేట్టు యంత్రాలు బిగించేవాళ్లు. ఆ యంత్రాలకు ఫారాలని పేరు.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మొదలుపెట్టి తార్నాక దాకా చెరో తెగ తరఫున వాదించుకున్న ఈ ఇద్దరూ ఒక తల్లి పిల్లలు. నల్గొండ జిల్లా ఊరు, తార్నాకలో అద్దె పోర్షన్. అక్కది జియోఫిజిక్స్, తమ్ముడిది ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్. ఇంట్లో ఒకటే లాప్‌టాప్, ఆటలో ఇద్దరికీ ఒకటే లోకం. ఆ లోకంలో అక్క అపురూపంగా చూసుకునే విలేజర్ల ఊరిలో, అంటే ఆట నడిపే బొమ్మ మనుషుల ఊరిలో, తమ్ముడు చెప్పాపెట్టకుండా చెయ్యిపెట్టాడు. నేను మధ్యలో నోరు చేసుకోవలసి వస్తే బ్రాకెట్లలో చేసుకుంటాను.

అక్క: నా లైబ్రేరియన్ ఏడిర?

తమ్ముడు: ఉన్నడక్కా, సచ్చిపోలే. జర జాగ మారిండు.

అక్క: జాగ మారిండా? ఇంకిద్దరితోని కలిపి డబ్బాల కుక్కినవు. ఎదురుంగ జాంబీని నిలబెట్టినవు.

తమ్ముడు: అది ఐరన్ ఫారం. ముగ్గురు విలేజర్లు, మూడు మంచాలు, ఒక జాంబీ. విలేజర్లకు భయమైతే ఊరిని కాపాడనీకి ఇనుప గోలెం పుడ్తది. పుట్టినదాన్ని నీళ్లు తోసుకపోయి లావాకు తగిలిస్తయి. సచ్చినంక 3 నుంచి 5 కడ్డీలు రాలుతయి. కింద సరుకు పట్టే హాపర్, దాని పక్కన చెస్ట్ పెట్టె. గంటకు మూడు నాలుగు వందల కడ్డీలు. నువ్వు గుహలల్ల తిరిగితే పూటంత తవ్వినా అన్నొస్తయా?

అక్క: భయపడెటోళ్లకు మంచాలెందుకు?

తమ్ముడు: నిద్రపోకుంటే గోలెం పుట్టదు. రోజుకు ఒక్కసారన్న కునుకు తియ్యాలె. జాంబీ ఎప్పుడూ కండ్లముందట్నే ఉంటే వాళ్లు పండుకోరు. అందుకని కాసేపు కనపడేట్టు, కాసేపు కనపడకుండ మధ్యల అడ్డం పెడ్తం.

అక్క: భయానికి షిఫ్టులు వేసినవన్నట్టు.

తమ్ముడు: వాళ్లు మనుషులు కాదక్కా, అంకెలు. జాంబీ కనపడ్డదా, పండుకున్నడా, అని కంప్యూటర్ లెక్క చూసుకుంటది. అంతే. భయమని మనం పేరు పెట్టుకున్నం.

అక్క: వాళ్లకు నొప్పి లేస్తున్నదని నేనన్ననా? నీ సంగతి అడుగుతున్న. సంక్రాంతి సెలవుల నుంచి ఆ లైబ్రేరియన్‌కు కాయితాలమ్ముతున్న. 24 కాయితాలకు ఒక పచ్చ ఇస్తడు. పొద్దుగాల పోతే తన బల్ల కాడ నిలబడి ఉంటడు. నాకు వాడు తెలిసినోడు, నీకు వాడొక స్పేర్ పార్టు.

తమ్ముడు: పొద్దుగాల ఉడకబెట్టుకొని తిన్న గుడ్డు ఏడికెళ్లి వచ్చింది మరి? షెడ్డుల తీగల పంజరం. పంజరం అడుగు వాలుగ ఉంటది. కోడి గుడ్డు పెట్టంగనే దొర్లుకుంట ముందటి అంచుకు వస్తది, ముట్టుకునే పని లేదు. నా ఫారంల నీళ్లు చేసేది అదే పని. ఈ కోళ్ల లెక్కను దేశమంత పరిచింది మన తెలుగాయన బి.వి.రావే. 1971ల వెంకటేశ్వర హేచరీస్ పెట్టిండు. గుడ్డు రేటు దళారి చెప్పుడు కాదు, రైతే చెప్పాలని 1982ల గుడ్ల రైతుల సంఘం నెక్ పెట్టించిండు. మనం రోజూ దాటిపోయే పోషకాహార సంస్థోళ్లు కూడ గుడ్డు తినుమనే చెప్తరు. ఆ కోడి మీద లేని బాధ నా జాంబీ గది మీద ఎందుకు?

అక్క: నేను గుడ్డు మానలే, నిజమే. ఆ పంజరం గీసినాయనకు కూడ కోడి మీద పగ లేదు. లెక్క చేసిండు, లెక్క కుదిరింది. ఊర్ల ఆకలి ఉన్నదని సమాధానం చెప్పుకోవచ్చు. ఆటల ఎవరి కడుపు మాడుతున్నది? ఏదన్న కట్టుకోవచ్చన్న లోకంల కూడ నీకు పంజరమే యాదికొచ్చిందా?

తమ్ముడు: ఇనుము కోసమే కట్టిననుకుంటున్నవు నువ్వు. చెరుకు ఫారం చూడు. చెరుకు మూడు దిమ్మెల ఎత్తు పెరుగుతది. మూడో దిమ్మె మొలిచిన క్షణం దాని ముందట ఉన్న అబ్జర్వర్ పసిగడ్తది. రెడ్‌స్టోన్ తీగ మీదికెళ్లి సిగ్నల్ పోతది, పిస్టన్ రెండో దిమ్మెను కొడ్తది, మీది రెండూ విరిగి నీళ్లల్ల పడ్తయి. అడుగుది మల్ల పెరగనీకి ఉంటది. 2016ల అబ్జర్వర్ రాకముందు చానామంది టైమర్ పెట్టి కోసెటోళ్లు, పెరిగిందా లేదా చూసెటోడు లేడు. ఇగ ఆ పెరుగుడేమో లాటరీ. 16 దిమ్మెల పొడుగు, వెడల్పు, ఎత్తు ఉన్న గది తీసుకో, మొత్తం 4,096 దిమ్మెలు. ఆట సెకనుకు 20 సార్లు ఆ గదిల మూడేసి చిట్టీలు తీస్తది. ఒక్కో దిమ్మె పేరు సగటున 68 సెకన్లకు ఒక్కసారి వస్తది. చెరుకు పేరు 16 సార్లు వస్తేనే ఒక్క దిమ్మె పెరుగుతది. అంటే 18 నిమిషాలు. నేను ఫోన్ల స్టాప్‌వాచ్ పెట్టి మడి మొత్తం మీద సగటు తీసిన, సరిపోయింది. ఇది బద్ధకమా? చేత్తో కోసే నీకు చెరుకు ఎట్ల పెరుగుతదో తెలుసా?

(ఇక్కడ నేను తమ్ముడి పక్షం. యంత్రం కట్టేవాడు పనిదొంగ అనే మాట ఎవరన్నా నాకు నచ్చదు. పంటను అంత దగ్గరగా చూసినవాడు తప్ప పిస్టన్ ఎక్కడ పెట్టాలో చెప్పలేడు.)

అక్క: తెల్వదు, నువ్వు చెరుకును చదివినవు. మరి ఫారం తయారైన తెల్లారి నుంచి ఏం చేసినవు? లాప్‌టాప్ ఆన్‌ల పెట్టి పండుకున్నవు.

తమ్ముడు: ఏం చెయ్యాలె? ఆడే మనిషి దగ్గర్ల ఉంటేనే చెరుకు పెరుగుతది. ఆట కట్టేస్తే లోకమే ఆగుతది.

అక్క: ఆ లాప్‌టాప్ 60 వాట్లనుకో. రాత్రికి 10 గంటలు. నెలకు 18 యూనిట్లు. ఎలక్ట్రికల్ చదివే నీకు నేను చెప్పాల్నా? 2024 మార్చి నుంచి గృహజ్యోతిల 200 యూనిట్ల లోపలుంటే జీరో బిల్లు. మొన్న ఎండాకాలం కూలర్ తోని కూడ 190ల ఆగేది. నీ చెరుకు కలిసి 208కి పోయింది, మొత్తం బిల్లు కట్టినం. ఆ చెరుకుతోని చక్కెర చేసి చాయల వేసుకున్నవా?

తమ్ముడు: నీ కాయితాలు ఆ చెరుకువే కదక్కా! నువ్వు లైబ్రేరియన్‌కు అమ్మింది నా ఫారం సరుకే.

(అక్క దీనికి జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా.)

అక్క: ఆట చేసినోళ్లకే మనిషి లేకుండ నడిచే ఫారాలు నచ్చలే. రాత్రంత గాలం వేసి పండుకునేటోళ్లకు 2020ల కత్తెర పెట్టిన్రు. చుట్టు విశాలంగ నీళ్లు లేకుంటే విలువైన సరుకు పడదన్నరు.

తమ్ముడు: వాళ్లే 2024ల క్రాఫ్టర్ ఇచ్చిన్రు, చేత్తో చేసుకునే సామాను అదే తయారుచేస్తది. 2025ల రాగి గోలెంను ఇచ్చిన్రు, పెట్టెలల్ల సరుకు అదే సర్దుతది. చేసినోళ్లకే ఎటు నిలబడాల్నో తెలుస్తలేదు, వాళ్లనెందుకు సాక్ష్యం తెస్తవు?

అక్క: సరే, నా సాక్ష్యం నేనే తెస్త. మనం కూసున్న ఈ మెట్లు ఏం రాయి?

తమ్ముడు: గ్రానైట్.

అక్క: 1939ల ఈ కాలేజీని తెరిచిన్రు, చుట్టుపక్కల దొరికే రాయితోని కట్టి. మన ఊరి కింద ఉన్నదీ ఇసుంటి రాయే. ఇసుకలున్నట్టు నీళ్లు ఇందుల అంతట ఉండయి, పగుళ్లల్లనే ఉంటయి. బోరు వేస్తే పగులు తగిలిందా నీళ్లు, తగల్లేదా దుమ్ము. నీ ఆటల? నాలుగు దిమ్మెల గుంట తవ్వి ఎదురుబొదురు మూలలకు రెండు బకెట్లు పోస్తే సరి. ఇగ ఎన్ని తోడినా తరగదు. నీ చెరుకు, నీ గోలెం, అన్నీ ఆ రెండు బకెట్ల మీద నిలబడ్డయి. అందుకే నీ ఫారాలు పాపం లేనివి. ఆ గుంట నిజమని నమ్మి మోటరు దింపినోని గతేంది?

తమ్ముడు: మైన్‌క్రాఫ్ట్ ఆడి బోరు చెడగొట్టినోడు ఎవడూ లేడక్కా. నాయిన ఆటో స్టార్టర్ పెట్టినప్పుడు నేను ఊర్ల గిల్లిదండ ఆడుతున్న.

ఇద్దరూ లేచి తార్నాక వైపు నడిచారు. ఆటో స్టార్టర్ మాట వచ్చాక ఆట వెనకబడింది.

తమ్ముడు: అది ఎందుకు పెట్టిండో యాదున్నదా? 2004 నుంచి కరెంటు ఫ్రీ, కానీ పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు. రాత్రి రెండింటికి త్రీఫేజ్ వస్తే టార్చిలైటు పట్టుకొని పొలంకాడికి పోవాలె. గెట్ల మీద పాములు. తడి చేతులతోని స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే షాకు. మన ఊర్లనే ఎంతమంది పోయిండ్రు? ఆ డబ్బా వచ్చినంక నాయిన రాత్రి ఇంట్ల పండుకున్నడు. కరెంటు రాంగనే మోటరు దానంతటదే ఎక్కేది. దసరకు నాయిన ఆ డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టిండు. నువ్వు చేత్తో చేసుడే గొప్ప అంటవు. ఆ చెయ్యి ఎవరిది?

అక్క: నేనామాట అంటలేను. తర్వాతేమైందో చెప్పు. మన నల్గొండల 2017 జులైలనే 24 గంటల కరెంటు ఇచ్చి చూసిన్రు. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రమంత ఇచ్చిన్రు. 23 లక్షల దాక పంపుసెట్లు. కరెంటోళ్లు ఊరూర తిరిగి ఆటో స్టార్టర్లు తీసెయ్యిండ్రని ఎందుకు మొత్తుకున్నరు? ఏడు గంటల కరెంటున్నప్పుడు ఏడు గంటలకు ఆగేది. 24 గంటలుంటే ఆగేదే లేదు. మడి నిండి, గెట్టు మీదికెళ్లి పారి, బాట మీద మడుగు కట్టినా మోటరు నడుస్తనే ఉన్నది. నాయిన నిద్రపోతున్నడు. ఆ ఎండాకాలమే మన బోరు గ్యాపు ఇచ్చుడు మొదలుపెట్టింది.

తమ్ముడు: అది ఆటోమేషన్ తప్పు కాదు, కన్ను పెట్టిన చోటు తప్పు. ఆటో స్టార్టర్‌కు తెలిసింది ఒక్కటే, కరెంటు వచ్చిందా లేదా. మడి నిండిందా అని చూసే అబ్జర్వర్ దానికి లేదు. నా చెరుకు ఫారంల ఉన్నది.

అక్క: నీ అబ్జర్వర్ చెరుకును చూస్తది. చెస్ట్ నిండిందా అని చూస్తదా? నీ ఐరన్ ఫారంల చెస్ట్ నిన్న రాత్రే నిండింది, ఇనుముతోని పాటు గోలెం రాల్చిన పొప్పీ పూలు కూడ. నిండినంక కింద పడ్డ సరుకు 5 నిమిషాలకు మాయమైతది. తెల్లారేదాక గోలెంలు పుట్టినయి, సచ్చినయి, ఇనుము గాల్ల కలిసింది. నా లైబ్రేరియన్ మాత్రం భయపడుతనే ఉన్నడు.

తమ్ముడు: చెస్ట్ నిండంగనే ఆగేట్టు కంపారేటర్ పెట్టొచ్చు.

అక్క: పెట్టినవా?

తమ్ముడు: పెట్టలే.

అక్క: ఎందుకు?

తమ్ముడు: ఇనుము ఎక్కువైతే ఏమైతదిలే అని.

అక్క: నాయిన గూడ అదే అన్నడు. నీళ్లు ఎక్కువ పారితే ఏమైతదిలే అని.

తమ్ముడు: సరే, నీ లైబ్రేరియన్‌ను ఇయ్యాలనే ఇడిచిపెడ్త. కానీ కరెంటోళ్ల సంగతి నువ్వు సగమే చెప్పినవు. ఆటో స్టార్టర్ మీద వాళ్ల కోపం నీళ్ల గురించొక్కటే కాదు. మోటరు ఎక్కేటప్పుడు, నడిచేటప్పటి కంటే అయిదారింతలు ఎక్కువ కరెంటు గుంజుతది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పది పన్నెండు మోటర్లుంటయి. మనుషులు ఆన్ చేస్తే ఒకరు ఇప్పుడు, ఒకరు పావుగంటకు. ఆటో స్టార్టర్లయితే కరెంటు రాంగనే అన్నీ ఒక్కపారి ఎక్కుతయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలుతది. కాలితే అందరు చందాలేసుకొని, ట్రాక్టర్ల వేసుకొని రిపేరు షెడ్డుకు తీస్కపోవాలె. తెచ్చేదాక పన్నెండు మంది మడులు ఎండాలె. ఏ ఒక్క డబ్బా తప్పు చెయ్యలే. అన్నీ కలిసి చేసినయి.

అక్క: మీ క్లాసోళ్ల సర్వర్ ఎట్లున్నది ఇప్పుడు?

(ఈ గుంట తమ్ముడు తనే తవ్వుకున్నాడు. అక్క చేసిందల్లా చూపించడమే.)

తమ్ముడు: ...అదీ గట్లనే అయింది. సర్వర్ సెకనుకు 20 టిక్కులు కొట్టాలె. అంటే ఒక్కో టిక్కుకు 50 మిల్లీసెకన్లు. అందరి లెక్క అందుల అయిపోవాలె. హాపర్ ఖాళీగున్నా ఊకోదు, మీద ఏమన్న పడ్డదా అని చూస్తనే ఉంటది. అందరం ఫారాలు కట్టినం. ఒక్కొక్కరిది వందల హాపర్లు. టిక్కు 50 దాటింది, ల్యాగ్ మొదలైంది. దిమ్మె పగలగొడితే మల్ల ప్రత్యక్షమైతున్నది. తలుపు నూకితే కాసేపటికి తెరుచుకుంటున్నది. ఫారం లేనోళ్లు కూడ ఆగిపోయిండ్రు.

అక్క: ఆ ఫారం లేనిదాన్ని నేనే. గోధుమలు చేత్తో నాటుకుంట నిలబడ్డ.

తమ్ముడు: తెలుసు. అందుకే నాయినకు ఆటో స్టార్టర్ తీపిచ్చి మొబైల్ స్టార్టర్ కొనిచ్చిన. సిమ్ వేసే డబ్బా. ఫోన్ కొడ్తే మోటరు ఎక్కుతది, ఇంకోసారి కొడ్తే దిగుతది. అన్నీ ఒక్కపారి ఎక్కుడు లేదు. బోరుల నీళ్లు లేకుంటే డ్రైరన్ పట్టుకొని ఆగిపోతది.

అక్క: డ్రైరన్ మోటరును కాపాడుతది, నీళ్లను కాదు. అడుగంటినంకనే కద అది ఆగేది. మునుపు నాయిన మోటరు వెయ్యబోతే పైపుల ఎన్నించుల నీళ్లు పోస్తున్నయో చూసెటోడు. మడిల కాలుపెట్టి తడి ఎంతున్నదో చూసెటోడు. ఇప్పుడు హోటల్ల చాయ తాగుకుంట ఫోన్ కొడ్తున్నడు.

తమ్ముడు: నాయినకు అరువై దాటినయి, మోకాళ్లు లేస్తలేవు. మడిల కాలుపెట్టి చూడాలంటే నువ్వు పో. నువ్వు ఉస్మానియాల ఉన్నవు, నేను ఉస్మానియాల ఉన్న. మనం ఇద్దరం రాకుంటేనే కద నాయినకు ఆ డబ్బా కావాల్సొచ్చింది.

(ఇఫ్లూ యూనివర్సిటీ దాటేదాకా ఇద్దరూ మాట్లాడలేదు. ఊళ్లలో మోటరుకు సిమ్ కార్డు ఎందుకు పడుతోందో చెప్పే మాట ఇంతకంటే సూటిగా నేను వినలేదు.)

అక్క: నాకు మిషన్లంటే పగ లేదుర. హబ్సిగూడల భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉన్నది కద, వాళ్లకు చౌటుప్పల్ కాడ ప్రయోగానికని వేసిన బోర్లున్నయి. రాయిల నీళ్లు ఎట్ల నడుస్తయో, ఎంత లోతుకు దిగినయో కొలుస్తరు. కొలిచే పని మిషనుకు ఇయ్యి, నాకు సంతోషమే. మనం గుంజే పనే దానికి ఇచ్చినం, కొలిచే పని ఎవరికీ ఇయ్యలే.

తమ్ముడు: రెండూ కలుపుదాం. బోరుల మట్టం చూసే సెన్సర్ దింపుతం. ఇంతకంటే కిందికి పోతే నాయిన ఎన్నిసార్లు ఫోన్ కొట్టినా మోటరు ఎక్కదు. బోర్డు నేను తయారుచేస్త, ప్రాజెక్టు కూడ అయితది.

అక్క: నాయిన ఒప్పుకుంటడా?

తమ్ముడు: పక్క చేన్ల పెద్దనాయిన బోరు నడుస్తుంటే ఒప్పుకోడు. నీళ్లు పగుళ్లల్లనే ఉంటయంటివి, ఇద్దరి పగులు ఒకటే. మనం ఆపిన నీళ్లు ఆయన మోటరు గుంజుకుంటది. మన మడి ఎండుతది, ఆయన మడి పారుతది. మనమొక్కరం మంచిగుంటే నష్టం మనకే.

అక్క: మీ సర్వర్ల ఎట్ల కుదిరింది మరి?

తమ్ముడు: హాపర్లకు హద్దు పెట్టుకున్నం.

అక్క: అందరు ఒప్పుకున్నరా?

తమ్ముడు: ఎవ్వరు ఒప్పుకోలే. కంప్యూటర్ ఎవరిదో వాడే పెట్టిండు. వినకుంటే ఫారం పీకేస్తనన్నడు.

అక్క: ఊర్ల కంప్యూటర్ లేదు గానీ చట్టమున్నది. 2002 నాటి వాల్టా. బోరు వెయ్యాలంటే పర్మిషన్ ఉండాలె, పక్క బోరుకు దూరం చూడాలె.

తమ్ముడు: మన రెండో బోరుకు తీసుకున్నమా?

అక్క: ఏమో. నాయినను అడగాలె.

తమ్ముడు: అడుగు, ఇప్పుడే ఫోన్ కొట్టు. చూసి కొట్టు అక్కా, నాయిన నంబరుకు. మోటరు నంబరు కూడ నీ ఫోన్ల నాయిన పేరుమీదనే ఉన్నది.